చమురు బావి బయెల్సాలో, తాళంచెవి లండన్‌లో!

నమస్కారం. ఈరోజు పరిచయాలు లేవు, నేరుగా గొడవలోకి దిగుతున్నాను.

పోయిన వీడియోలో ఇజా ప్రవాసుల గురించి, అంటే నైజీరియాలో చమురు దొరికే నైజర్ డెల్టా నుంచి, బయెల్సా లాంటి రాష్ట్రాల నుంచి విదేశాలకు వెళ్లిన ఇజా జాతివాళ్ల గురించి, నాలుగు మంచి మాటలు చెప్పాను. అంతే, కామెంట్లలో నన్ను ఉతికి ఆరేశారు. అందరి మాటల సారాంశం ఒక్కటే. లండన్‌లో, హ్యూస్టన్‌లో వెచ్చగా కూర్చుని నైజర్ డెల్టాకు న్యాయం కావాలి, స్వయం నిర్ణయాధికారం కావాలి అని అరవడం సులువట. దమ్ముంటే ఆ ఊళ్లకు వెళ్లి, ఆ బురదలో నిలబడి అడగాలట.

నేను దీనికి పూర్తిగా తలకిందులుగా చెబుతాను. వెళ్లకూడదు. ఒక్కరు కూడా వెళ్లకూడదు. ఇజా ప్రజల చేతిలో మిగిలిన అసలైన ఆయుధం ఒక్కటే, అది వాళ్ల లండన్ చిరునామా. ఈ మాట ఈ వీడియోలో మళ్లీ మళ్లీ చెబుతాను. విసుగు పుట్టినా వినండి.

ఒక చిన్న లెక్క చూడండి. డెల్టాలో దశాబ్దాల పాటు చమురు తోడిన షెల్ ఉమ్మడి వ్యాపారంలో, 2025లో అమ్మేసేదాకా, షెల్ వాటా 30 శాతం. ఫ్రాన్సు కంపెనీ టోటల్‌కు 10, ఇటలీ వారి అజిప్‌కు 5. మిగిలిన 55 ఎవరిది? నైజీరియా ప్రభుత్వ చమురు సంస్థది. మళ్లీ చెబుతున్నాను, 55. అంటే గొట్టం పగిలి నా చేపల గుంటలో చమురు పడింది మహాప్రభో అని ఒక జాలరి రాజధాని అబూజాకు వెళ్లి మొరపెట్టుకుంటే, ఆ గొట్టంలో సగానికి పైగా సొంతదారు ఆ కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. గట్టు తగువు తీర్చమని ఊరి పెద్దమనిషి దగ్గరకు వెళ్లాక, పక్క పొలంలో పెద్ద వాటా ఆయనదే అని తెలిస్తే ఎలా ఉంటుంది? ఇక పంచాయతీ ఎవరి ముందు పెట్టాలి?

పోనీ, స్వదేశంలో ప్రయత్నించలేదా అంటే, వాళ్లు వదిలిపెట్టిన దారి ఏదో మీరే చెప్పండి.

తుపాకీ పట్టారు. ఇజా యువకుడు ఐజాక్ అడాకా బోరో 1938లో ఒలోయిబిరిలో పుట్టాడు. నైజీరియాలో వాణిజ్య స్థాయిలో చమురు మొదట పడింది ఆ ఊళ్లోనే, 1956లో. ఆ కుర్రవాడు 1966 ఫిబ్రవరి 23న నైజర్ డెల్టా రిపబ్లిక్ ప్రకటించాడు. ఎన్ని రోజులు నిలిచింది? 12. మరణశిక్ష పడింది, మరుసటి ఏడాది క్షమాభిక్ష దొరికింది. తర్వాత అంతర్యుద్ధంలో, తనను పట్టి బంధించిన సైన్యం తరఫునే పోరాడి 1968 మేలో చనిపోయాడు. అప్పటికి ముప్పై నిండలేదు. చివరకు ఏ జెండా కోసం ప్రాణం ఇచ్చాడో ఆ జెండా కింద అతని మనుషులకు ఏం దక్కిందో చూడండి. 1960 నాటి రాజ్యాంగంలో చమురు రాయల్టీలో సగం, అంటే 50 శాతం, అది పుట్టిన ప్రాంతానికి తిరిగి వెళ్లాలని ఉండేది. సైనిక ప్రభుత్వాల కాలంలో ఆ వాటా గీకి గీకి 1.5 శాతం దాకా దించారు. 1999 రాజ్యాంగం వచ్చాక 13కి చేరింది. సగం పళ్లెం లాక్కుని, ఒక ముద్ద తిరిగి పెట్టి, దండం పెట్టమన్నట్టు.

కాగితం పట్టారు. 1998 డిసెంబరు 11న బోరో కుటుంబం ఊరు కయామాలో ఇజా యువకులు చేరి ప్రకటన రాశారు. ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి, ఎందుకంటే కామెంట్లలో చాలామంది వీళ్లను వేర్పాటువాదులు అంటున్నారు. ఆ ప్రకటన చదివారా అసలు? నైజీరియాలోనే ఉంటామని అందులో స్పష్టంగా ఉంది. వాళ్లు అడిగింది స్వపరిపాలన, తమ నేల మీద, తమ వనరుల మీద తమ అధికారం. ఆ డిసెంబరు 30లోగా చమురు కంపెనీలు వెళ్లిపోవాలన్నారు. కంపెనీలు వెళ్లలేదు, సైన్యం వచ్చింది. ఊరేగింపుల మీద కాల్పులు జరిగాయి.

ఆ తర్వాత ఏడాది తిరగకుండా ఓడి. బయెల్సాలో ఒక ఇజా ఊరి పేరే ఓడి. తెలుగులో చదువుకుంటే గుండె చివుక్కుమంటుంది. ఒక ముఠా 12 మంది పోలీసులను చంపింది. ఘోరమే, ముఠాను పట్టుకోవాలి. కానీ 1999 నవంబరు 20న సైనికులు వచ్చి ఊరినే కాల్చేశారు. ఒక బ్యాంకు, ఒక చర్చి, ఒక ఆరోగ్య కేంద్రం, లెక్కపెడితే అవే నిలబడి మిగిలాయి. చనిపోయినవారు వందల్లో. అప్పటికి దేశంలో ప్రజాస్వామ్యం వచ్చి ఆరు నెలలు. 2013లో నైజీరియా ఫెడరల్ కోర్టే ఆ ఊరికి 37.6 బిలియన్ నైరాలు ఇవ్వమని తీర్పు చెప్పింది. చేతికి అందింది? రాజీ పేరుతో 15 బిలియన్లు. గెలిచిన కేసులో సగం కూడా రాలేదు. గెలిచిన ఊరి పేరు ఓడి, చూడండి మరి.

చివరికి రాష్ట్రపతి పీఠమే దక్కింది! 2010 నుంచి 2015 దాకా దేశాధ్యక్షుడు గుడ్‌లక్ జోనాథన్. ఇజా మనిషి. ఊరు ఒటుఓకే. మన వాడు పైన కూర్చున్నాడు, ఇక కష్టాలు తీరాయి అనుకున్నారు. వాగుల్లో నూనె తెట్టు మాత్రం అలాగే ఉంది. నేను జోనాథన్‌ను తిట్టడం లేదు. ఆ 55 శాతం కుర్చీలో ఎవరు కూర్చున్నా ఆ కుర్చీ లెక్కే నడుస్తుంది అంటున్నాను.

ఇప్పుడు నా మాటకు వస్తాను. చిరునామా.

ఒరుమా అని బయెల్సాలో చిన్న ఊరు. 2005లో షెల్ గొట్టం కారింది. చేపల గుంటలు పోయాయి, పొలాలు పోయాయి. కంపెనీ ఏమన్నదంటే, ఎవరో కావాలని గొట్టం పగలగొట్టారని. ఎప్పుడూ అదే పాట. అక్కడి రైతులు, మరో రెండు ఊళ్ల రైతులతో కలిసి, ఒక డచ్చి పర్యావరణ సంస్థ తోడుతో 2008లో ఎక్కడికి వెళ్లారు? షెల్ ప్రధాన కార్యాలయం ఉన్న ఊరికి. నెదర్లాండ్స్‌లోని హేగ్‌కు. పదమూడేళ్లు నడిచింది కేసు. వేసిన పెద్దల్లో కొందరు తీర్పు వినకుండానే కన్నుమూశారు. 2021 జనవరి 29న అక్కడి అప్పీలు కోర్టు, ఎవరో పగలగొట్టారన్న మాటను సందేహం లేకుండా నిరూపించలేకపోయారు కాబట్టి నష్టం కట్టాల్సిందే అంది. అంతేకాదు, ఒరుమా గొట్టానికి లీకేజీ పసిగట్టే పరికరం అమర్చమని ఆదేశించింది. ఎక్కడో యూరప్‌లో కూర్చున్న న్యాయమూర్తులు బయెల్సా బురదలోని ఒక గొట్టానికి పరికరం బిగించమన్నారు! 2022 డిసెంబరులో ఆ మూడు ఊళ్లకు కోటిన్నర యూరోలు ఇస్తామని షెల్ ఒప్పుకుంది. తప్పు మాత్రం ఒప్పుకోలేదు, డబ్బు ఒప్పుకుంది.

ఇక నా సొంత సిద్ధాంతం. నవ్వుకుంటే నవ్వుకోండి. హేగ్ తీర్పు వచ్చిన ఏడాదిలోపే షెల్ తన ప్రధాన కార్యాలయాన్ని హేగ్ నుంచి లండన్‌కు మార్చేసింది. పేరు ముందున్న రాయల్ డచ్ అన్న మాట కూడా తీసేసింది. పన్నుల కోసం, వాటాల వ్యవస్థ సులభం చేయడం కోసం అని కంపెనీ చెప్పింది. కావచ్చు. కానీ ఒకే ఏడాదిలో అదే ఊరి కోర్టుల్లో రెండు దెబ్బలు, ఒకటి ఈ రైతుల కేసు, రెండోది వాతావరణ మార్పు కేసు, తిన్నవాడు సామాను సర్దుకుంటే నాకు అనుమానం రాదా? ఇల్లు మారినంత మాత్రాన పాత అప్పు పోదని లాయర్లు అంటారు. తెలుసు. అయినా నా అనుమానం నాది.

అందులోని తమాషా చూడండి. పారిపోయి వచ్చింది ఎక్కడికి? థేమ్స్ ఒడ్డుకు, వాటర్లూ స్టేషన్ పక్కకు. అంటే ఇజా ప్రవాసులు పొద్దున్నే రైలు దిగి ఉద్యోగాలకు వెళ్లే ఊరికి! అందుకే వెళ్లకండి అంటున్నాను. శత్రువు మీ వీధిలోకి వచ్చి దిగాడు, మీరు ఊరు వదిలి వెళతారా?

అమెరికాలో ఓడిపోయారు కదా అని ఒకాయన గుర్తు చేశారు. అవును, నైజర్ డెల్టా వాళ్లు షెవ్రాన్ అనే అమెరికా చమురు కంపెనీ మీద వేసిన కేసులో 2008 డిసెంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో జ్యూరీ కంపెనీ వైపే నిలిచింది. ఒక తలుపు మూసుకుంది, సరే.

ఇక్కడ కొంచెం పక్కదారి పడతాను, క్షమించండి, ఈ కథ చెప్పకుండా ఉండలేను. చమురు అంటే ముడి చమురే అనుకోకండి. అంతకుముందు వాళ్ల దగ్గర తాటినూనె ఉండేది, పామాయిల్. ఇజా రాజ్యం నెంబేకు రాజైన కోకో 1895 జనవరిలో పడవల దండుతో వెళ్లి అకాసాలోని రాయల్ నైజర్ కంపెనీ స్థావరం మీద పడ్డాడు. కారణం? ఆ కంపెనీ వ్యాపారమంతా తన గుప్పిట్లో పెట్టుకుని, నెంబే వాళ్ల తాతల నాటి బజారుల్లోకి వాళ్లనే రానివ్వలేదు. మరుసటి నెలలో బ్రిటిష్ నౌకాదళం వచ్చి నెంబేను కాల్చింది. ఆ కంపెనీ యజమానులు ఎక్కడ ఉండేవారు? లండన్‌లో! 2021 నవంబరులో అదే నెంబే దగ్గర శాంటా బార్బరా బావి పగిలి నెలకు పైగా చమురు చిమ్మింది. అది షెల్ తన వాటా వదిలించుకుని స్థానిక కంపెనీకి అమ్మేసిన క్షేత్రం. నూనె మారింది, నెంబే కష్టం మారలేదు.

దొంగ సొమ్ము కూడా లండన్‌కే వెళుతుంది. బయెల్సా గవర్నరు, స్వయంగా ఇజా మనిషి, అలమియేసేఘా 2005లో లండన్‌లో పట్టుబడ్డాడు. ఆయన ఇంట్లో పది లక్షల పౌండ్ల నగదు దొరికింది. బెయిలు మీద ఉండగా మాయమై నైజీరియాలో తేలాడు, ఆడవేషంలో పారిపోయాడని పత్రికలు రాశాయి. తర్వాత శిక్ష పడింది. 2013లో క్షమాభిక్ష పెట్టింది ఎవరు? జోనాథన్. అందుకే, బయటివాళ్లదే తప్పంతా అని నేను అనడం లేదు. కానీ కంపెనీ లాభం లండన్‌లో, గవర్నరు నగదు లండన్‌లో ఉన్నప్పుడు, పోరాటం మాత్రం బురదలో ఎందుకు ఉండాలి?

మన సంగతీ ఒక్క మాట. అమెరికా నైజీరియా చమురు కొనడం తగ్గించాక, పెద్ద గిరాకీగా నిలిచినది మన భారతదేశమే. నాకేం సంబంధం అనకండి. మంట సంగతి కోనసీమ వాళ్లకు నేను చెప్పాలా? 1995లో పాసర్లపూడి బావి రెండు నెలలకు పైగా మండింది, ఇప్పటికీ ఆ వెలుగు గురించి చెప్పుకుంటారు. డెల్టాలో చమురుతో పాటు వచ్చే గ్యాసును గాలిలోకి వదిలి కాలుస్తారు. ఆ మంటల పక్కన పుట్టి, ఆ మంటల పక్కనే తాతలైనవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు నా కోపం ప్రవాసుల మీద. అమెరికాలో ఇజా నేషనల్ అలయన్స్ ఆఫ్ ది అమెరికాస్ ఉంది, బ్రిటన్‌లో ఇజా పీపుల్స్ అసోసియేషన్ ఉంది. ఏటా మే నెలలో బోరో దినం. డప్పులు, నాట్యం, చేపల కూర, ఒకరు "అసావానా" అంటే అందరూ "వానా" అని గొంతు కలపడం. బాగుంది, కాదనను. మన సంఘాల ఉగాది సభల్లోనూ మొదటి మూడు గంటలు నాట్యాలే కదా. కానీ 2023 మేలో బయెల్సా రాష్ట్రం నియమించిన కమిషన్ నివేదిక వచ్చింది. ఇంగ్లండులో యార్క్ ఆర్చిబిషప్‌గా చేసిన జాన్ సెంటాము దాని అధ్యక్షుడు. శుభ్రం చేయడానికి 12 ఏళ్లలో 1,200 కోట్ల డాలర్లు కావాలని తేల్చింది. ఆ నివేదిక లెక్కలో, నేడు బయెల్సాలో ఉన్న ఒక్కో మనిషికి ఒకటిన్నర పీపాల చమురు ఒలికింది. పీపా అంటే 159 లీటర్లు. చంటిబిడ్డ ఉయ్యాల పక్కన ఒకటిన్నర పీపాల ముడి చమురు పెట్టి చూడండి. ఆ నివేదికను ఎంతమంది ఇజా డాక్టర్లు, లాయర్లు తమ నియోజకవర్గ ఎంపీ బల్ల మీద పెట్టారు? పెట్టకపోతే ఇక ఆ పౌరసత్వం ఎందుకు?

ఎందుకు తొందర అంటే, షెల్ మూటాముల్లె సర్దేసింది. డెల్టా నేల మీది వ్యాపారాన్ని రినైసెన్స్ అనే నైజీరియా కూటమికి అమ్మడం 2025 మార్చిలో పూర్తయింది. బావులు పోయాయి, మరి మరకలు?

మరకల సంగతి లండన్ హైకోర్టులో ఉంది. బిల్లే అని నదీముఖంలో ఇజా దీవి. చుట్టూ మడ అడవులు, నీరు, పడవలు. గొట్టాల చమురుతో మడచెట్లు మాడిపోయాయని, డెల్టాలోనే మరో ఊరు ఒగాలే ప్రజలతో పాటు ఆ ఊరివాళ్లు 2015లో కేసు వేశారు. ఇంగ్లండు కోర్టుకు ఈ కేసు వినే అధికారమే లేదని షెల్ వాదించింది. 2021 ఫిబ్రవరిలో బ్రిటన్ సుప్రీంకోర్టు ఆ వాదనను తోసేసింది. పాత లీకులు, కాలం చెల్లిపోయింది అని కంపెనీ మళ్లీ అంది. 2025 జూన్‌లో న్యాయమూర్తి ఏమన్నారో తెలుసా? ఒలికిన చమురును శుభ్రం చేయకుండా వదిలేస్తే, అది అక్కడ ఉన్న ప్రతి రోజూ కొత్త తప్పు కింద లెక్కకు రావచ్చు అన్నారు. ప్రతి రోజూ! ఈ వాక్యం ఓడి బూడిద లోంచి రాలేదు, బోరో తుపాకీ లోంచి రాలేదు. వాటర్లూ స్టేషన్ నుంచి నడిచి వెళ్లగలిగే దూరంలో ఉన్న ఒక గదిలోంచి వచ్చింది.

అసలు విచారణ 2027లో. ఆ గదిలో జనం కూర్చునే బల్లలు ఉంటాయి. బిల్లే ముసలివాళ్లకు వీసా దొరకాలి, టికెట్టు దొరకాలి. లండన్ ఇజా వాళ్లకు కావలసింది రైలు టికెట్టు ఒక్కటే. మొదటి రోజు ఆ బల్లలు ఖాళీగా కనిపిస్తే, ఈ వీడియో కింద నన్ను తిట్టినవాళ్ల పక్షాన నేనే చేరతాను. అప్పటిదాకా తిట్టండి, అన్నీ చదువుతాను.