పట్టాల మీద బరువు

శ్రోతలకు నమస్కారం.

బ్రహ్మోత్సవాల్లో తిరుమల మాడవీధుల్లో వాహనం మోసేవారి కాళ్లను ఎప్పుడైనా గమనించారా? అందరి చూపూ స్వామి మీదే ఉంటుంది. ముప్పై ఏళ్లు కాలేజీలో వ్యాయామం నేర్పిన పాపానికి నా చూపు మాత్రం ముందు కాళ్ల మీదికే పోతుంది. దూలాల్లాంటి కర్రలు భుజాన పెట్టుకుని వాళ్లు అడుగు వేస్తుంటే బరువు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకు ఊగుతుంది. ఊగిన ప్రతిసారీ మడమ, మోకాలు, నడుము కలిసి దాన్ని సర్దుకుంటాయి. మోతలో ఎత్తడం ఎంతో, ఈ సర్దుకోవడం అంత.

ఆ సర్దుబాటు పనిని మనిషి చేతిలోంచి లాగేసుకున్న యంత్రం ఒకటి ఇప్పుడు తిరుపతిలో చాలా జిమ్‌లలో ఉంది. రెండు నిలువు కడ్డీలు, వాటి మధ్య పట్టాల మీద జారినట్టు పైకీ కిందికీ కదిలే బార్. ముందుకు రాదు, పక్కకు ఒరగదు. పేరు స్మిత్ మెషిన్. 1950లలో అమెరికాలో జాక్ లలేన్ అనే వ్యాయామ గురువుకు వచ్చిన ఆలోచనను రూడీ స్మిత్ మెరుగుపరిచాడు, పేరు ఆయనదే నిలిచింది.

మా మేనల్లుడు ఆ మధ్య ఇంటికొచ్చి, "మామయ్యా, స్క్వాట్ ఎనభై కిలోలు చేస్తున్నాను" అన్నాడు. స్క్వాట్ అంటే భుజాల మీద బార్ పెట్టుకుని తీసే బస్కీ. సంతోషించి, మామూలు బార్ ఉన్న చోటికి తీసుకెళ్లాను. యాభై కిలోలు భుజాల మీద పెట్టుకుని రెండుసార్లు కూర్చుని లేచాడు. మూడోసారికి గాలివానకు అరటిచెట్టు ఒరిగినట్టు ముందుకు ఒరిగాడు. ఇద్దరం పట్టుకున్నాం. కుర్రవాడు అబద్ధమేమీ చెప్పలేదు. ఆ యంత్రం మీద తొడలు నేర్చుకున్నాయి, నడుమూ పొట్టా నేర్చుకోలేదు, అంతే. 2009లో కెనడా పరిశోధకులు ఆరుగురితో రెండు రకాల స్క్వాట్లూ చేయించి కండరాల పనిని కొలిచారు. చిన్న పరిశీలనే. అయినా అన్ని కండరాల సగటు తీస్తే, పట్టాలు లేని విడి బార్‌తో పని 43 శాతం ఎక్కువగా తేలింది.

పైగా ఆ ఎనభై నిజంగా ఎనభైయేనా? పురుషుల పోటీల్లో వాడే బార్ బరువు 20 కిలోలు. కొన్ని యంత్రాల్లో బార్‌కు లోపల ఎదురు బరువు కట్టి ఉంటుంది, కాబట్టి చేతికి తేలిగ్గా తగులుతుంది. ఎంత తేలికన్నది యంత్రానికో రకం. ఈ జిమ్ లెక్క ఆ జిమ్‌లో చెల్లదు.

అసలు చిక్కు దారిలో ఉంది. బెంచ్ ప్రెస్, అంటే బల్ల మీద వెల్లకిలా పడుకుని బార్‌ను పైకి నెట్టే వ్యాయామం, చేసేటప్పుడు బార్ ఛాతీ కింది భాగానికి దిగి, లేచేటప్పుడు భుజాల వైపు కొద్దిగా వాలుతూ వెళుతుంది. స్క్వాట్‌లో పొడవు తొడలున్నవారు ఎక్కువగా ముందుకు వంగాలి, పొట్టి తొడలవారికి ఆ అవసరం లేదు. పట్టాలకు ఇవేమీ తెలియవు. చెప్పు సరిపోలేదని కాలు కోసుకున్నట్టు, శరీరమే యంత్రానికి తగ్గట్టు వంకర తిరగాలి. ఆ భారం నెమ్మదిగా భుజం మీదో మోకాలి మీదో పడుతుంది.

భద్రత అంటారు. మణికట్టు తిప్పితే బార్ కొక్కేనికి తగులుకుంటుంది, నిజమే. అలసిపోయిన మణికట్టు తిరగకపోతే? కింద అడ్డంగా పెట్టుకోవలసిన ఆపుడు మేకులను ఎంతమంది పెట్టుకుంటున్నారు? నేను చూసినంతలో చాలా తక్కువ మంది. విడి బార్‌కూ పక్క కడ్డీలున్న ర్యాక్ ఉంటుంది, అక్కడా అంతే భద్రం. కాకపోతే ర్యాక్ దగ్గర నేర్పేవాడు పక్కన నిలబడాలి. ఒక్క ట్రైనర్ ఇరవై మందిని చూసుకునే చోట పట్టాలంటే యజమానికి ముద్దు.

యంత్రాన్ని పాత ఇనుము కొట్టుకు పంపమనను. పిక్కల వ్యాయామానికి బాగుంటుంది. దెబ్బ తగిలి కోలుకుంటున్నవారికి వైద్యుడు చెబితే వాడుకోవచ్చు. కొత్తగా చేరినవారిని నేరుగా దాని కిందికి పంపడమే నాకు నచ్చదు. ముందు ఒట్టి చేతులతో బస్కీలు, తర్వాత ఛాతీకి ఆనించి పట్టుకున్న ఒక డంబెల్, ఆపైన ప్లేట్లు లేని ఖాళీ బార్. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో 110, 130 కిలోలు ఎత్తి కంచు పతకం తెచ్చిన మన కరణం మల్లీశ్వరి బార్‌కు పట్టాలు లేవు.

మా మేనల్లుడు ఖాళీ బార్‌తో మళ్లీ మొదలుపెట్టి నాలుగు నెలల్లో అరవైకి వచ్చాడు. ఎనభై మాట మాత్రం నా దగ్గర ఎత్తడం లేదు. నమస్కారం.