శవాల గదిలో పుట్టిన సర్జరీ: గియోమ్ డుపుయిత్రెన్

సభకు నమస్కారం.

డుపుయిత్రెన్ అనే పేరు వైద్య విద్యార్థులకు ఒక జబ్బు పేరుగా తెలుసు. వేళ్లు అరచేతిలోకి ముడుచుకుపోయి తెరుచుకోని జబ్బు అది. ఆ పేరు గియోమ్ డుపుయిత్రెన్ అనే ఫ్రెంచ్ సర్జన్‌ది. ఆయన సర్జరీ శవపరీక్షల్లోంచి ఎలా పుట్టిందో ఈ పూట చెబుతాను.

1777 అక్టోబర్ 5న ఫ్రాన్స్‌లో లిమోజ్ దగ్గర పియర్ బుఫియేర్ అనే ఊళ్లో పుట్టారు. తండ్రి లాయరు. 1795లో, ఇంకా పద్దెనిమిదేళ్లు రాకముందే, పారిస్ వైద్య పాఠశాలలో ప్రొసెక్టర్ ఉద్యోగం దొరికింది. పాఠం మొదలయ్యేలోగా శవాన్ని కోసి, గురువు చూపించబోయే భాగాన్ని విడదీసి ఉంచడం ఆ పని. నరం తెగకుండా, రక్తనాళం చిరగకుండా పొరలు విప్పడం చేతికి అలవాటైంది అక్కడే. 1803లో సమర్పించిన థీసిస్‌లోనూ రోగం వల్ల అవయవాల్లో వచ్చే మార్పుల మీద ప్రత్యేకంగా రాశారు. 1815లో పారిస్‌లోని ఒతెల్ ద్యూ ఆసుపత్రికి ప్రధాన సర్జన్ అయ్యారు. 1835 ఫిబ్రవరి 8న పోయేదాకా ఆ పదవి ఆయనదే.

ఇక చేతి సంగతికి వద్దాం. ఉంగరపు వేలు, చిటికెన వేలు ఏళ్ల తరబడి మెల్లగా వంగిపోతాయి. అరచేతి చర్మం కింద గట్టి తాడులాంటిది తగులుతుంది. చూడగానే ఎవరికైనా స్నాయువే, అంటే కండను ఎముకకు కలిపే తాడే, కుంచించుకుపోయిందనిపిస్తుంది. స్విట్జర్లాండ్‌లో ఫెలిక్స్ ప్లాటర్ అనే వైద్యుడు 1614లోనే స్నాయువుల తప్పని రాశారు, చాలామంది దాన్నే నమ్మారు. కారణం తప్పుగా పట్టుకుంటే కోత కూడా తప్పు చోటే పడుతుంది. స్నాయువును తెగ్గోస్తే వేలు తెరుచుకోవచ్చు కానీ మళ్లీ మడవడం రాదు.

ఈ జబ్బున్న ఒక ముసలాయన చనిపోయాడని తెలిసి డుపుయిత్రెన్ ఆ చేతిని సంపాదించారు. ముందు దాని బొమ్మ గీయించారు, తర్వాత ఒక్కో పొర తీశారు. చర్మం తీసేయగానే పైన కనిపించిన ముడతలు పోయాయి, వేళ్లు మాత్రం వంగే ఉన్నాయి. అంటే తప్పు చర్మానిది కాదు. చర్మం కింద పామర్ ఫేషియా బిగుసుకుని ఉంది. మణికట్టు దగ్గర సన్నగా మొదలై, విసనకర్రలా విచ్చుకుని ప్రతి వేలి మొదలుకీ ఒక పట్టీని పంపే గట్టి పొర అది. వేలి మొదట్లో ఆ పట్టీ రెండుగా చీలి అటూ ఇటూ అంటుకుంటుంది. ఆ చీలికల్ని కోయగానే వేళ్లు చాలావరకు తెరుచుకున్నాయి. స్నాయువులు, కీళ్లు బాగానే ఉన్నాయి. బతికున్న రోగిలో ఈ తేడా పట్టే పరీక్ష ఒకటుంది. మణికట్టును వంచి చూడండి. స్నాయువు పొట్టిదైతే వేలు కాస్త వదులవుతుంది, ఫేషియా అయితే ఏమీ మారదు.

1831 జూన్ 12న పారిస్ వైన్ వ్యాపారి ఒకాయనకు ఎడమ చేతికి ఆపరేషన్ చేశారు. ఈథర్ మత్తు రావడానికి ఇంకా 15 ఏళ్లుంది, కాబట్టి చేయి గట్టిగా పట్టుకోవడమే ఏర్పాటు. ఉంగరపు వేలు అరచేతిని కలిసే చోట అడ్డంగా కోశారు. ముందు చర్మం, తర్వాత ఫేషియా. అది తెగేటప్పుడు చిటపటమని వినిపించింది, వేలు తెరుచుకుంది. చిటికెన వేలు అంత సులభంగా లొంగలేదు, మరికొన్ని కోతలు కావలసి వచ్చాయి. కుట్లు వేయలేదు. పొడి గుడ్డ పెట్టి, చేతి వెనకవైపు కట్టిన సాధనంతో వేళ్లను చాచి ఉంచారు. చేయి వాచింది, చీము పట్టింది, అయినా గాయం మానింది. ఆ డిసెంబర్ 5న ఒతెల్ ద్యూలో దీని మీద పాఠం చెప్పారు.

ఈ ఆపరేషన్‌లో ప్రమాదమంతా వేళ్ల నరాలతోనే. పట్టీల మధ్యనుంచి నరం, రక్తనాళం పక్కపక్కనే వేలిలోకి పోతాయి. జబ్బు ముదిరితే బిగిసిన తాడు నరాన్ని చుట్టి, వేలి మధ్యకూ చర్మం దగ్గరకూ లాక్కొస్తుంది. పుస్తకంలో ఉన్న చోటే నరం ఉంటుందనుకుని కోస్తే తెగిపోతుంది, వేలి చివర మొద్దుబారుతుంది. డుపుయిత్రెన్ కోతలు ఎక్కువగా అరచేతి వైపునే ఉండటం ఆయనకు కలిసొచ్చిందని నా అభిప్రాయం. ఎన్నాళ్లో ముడుచుకున్న చర్మం చాలదు గనుక అడ్డకోత నోరు తెరుచుకునే ఉంటుంది. బలవంతంగా కుడితే అంచులు చచ్చుబడతాయి, లోపల రక్తం గడ్డకడుతుంది. 1964లో మెక్‌క్యాష్ అనే సర్జన్ అరచేతి గాయాన్ని కావాలనే తెరిచి ఉంచే పద్ధతిని ప్రచురించారు. కొన్ని వారాల్లో అది దానంతటదే పూడుకుంటుంది.

ఒక న్యాయం కూడా చెప్పాలి. ఫేషియాయే మూలమని లండన్‌లో హెన్రీ క్లైన్ అనే సర్జన్ ముందే గమనించారు, మరో సర్జన్ ఆస్ట్లీ కూపర్ 1822లో అచ్చులో సూచించారు. పేరు మాత్రం పారిస్‌కు దక్కింది. కారణం విషయంలో డుపుయిత్రెన్ పొరబడ్డారు కూడా. పనిముట్ల ఒరిపిడే మూలమని ఆయన అనుకున్నారు. వంశపారంపర్యమే దీనికి పెద్ద కారణమని ఇప్పుడు తెలుసు. ఉత్తర ఐరోపా మూలాలున్న వాళ్లలో ఇది ఎక్కువ, మన దగ్గర తక్కువ. అయితే షుగర్ ఉన్నవాళ్లలో కనిపిస్తుంది గనుక మన డాక్టర్లు మరిచిపోవడానికి లేదు. అరచేతిని బల్ల మీద బోర్లించి చూడమనండి. చదునుగా ఆనకపోతే సర్జన్‌కు చూపించాలి.

ఆయన చేసిన ఇంకో పని నాకు ఇంతకంటే ఇష్టం. హెర్నియాలో, అంటే పొట్ట గోడ బలహీనమైన చోట బయటికి పొడుచుకొచ్చి, ఇరుక్కున్న పేగు కుళ్లిపోతే, బతికిన రోగికి పొట్ట మీద మలం కారే రంధ్రం మిగిలేది. లోపల పేగు రెండు కొసలూ పక్కపక్కనే ఉండి, మధ్య గోడ అడ్డుపడేది. దాన్ని కత్తితో కోస్తే మలం పొట్టలోకి చిమ్మి మనిషి పోతాడు. డుపుయిత్రెన్ ఒక పటకారు చేయించారు. ఒక దవడ ఒక కొసలోకి, రెండోది రెండో కొసలోకి పెట్టి, మరను రోజుకు కాస్త చొప్పున బిగించేవారు. నలిగిన గోడ మెల్లగా చచ్చుబడుతుంది. ఈలోగా దాని చుట్టూ పొరలు అతుక్కుపోతాయి గనుక పొట్టలోకి ఏమీ కారదు. కొన్ని రోజులకు పటకారు చచ్చిన కండతో సహా ఊడి వస్తుంది, దారి ఏర్పడుతుంది. ఒక్కసారిగా బిగిస్తే, అతుకు పడకముందే గోడ తెగుతుంది. పొరలు ఎలా అతుక్కుంటాయో శవాల్లో చూసిన మనిషికే ఆ ఓపిక తడుతుంది.

మనిషి కఠినుడు, పోటీదారుల్ని సహించేవారు కాదు. స్టెతస్కోప్ కనిపెట్టిన లాయెనెక్‌తో రోగ శరీరశాస్త్రం గురించే, అంటే రోగం వల్ల అవయవాల్లో వచ్చే మార్పుల శాస్త్రం గురించే, తగవు పడ్డారు. కానీ సంపాదించిన దానిలో 2,00,000 ఫ్రాంకులు ఆ శాస్త్రానికి ప్రొఫెసర్ పదవి పెట్టడానికే రాసిచ్చారు. ఆ పీఠం మొదట ఆయన శిష్యుడు జాన్ క్రువెయేకు దక్కింది. పారిస్ వైద్య కళాశాల డీన్ ఓర్ఫిలా చొరవతో 1835లోనే పాత కోర్డెలియే మఠం భోజనశాలలో డుపుయిత్రెన్ మ్యూజియం తెరిచారు. పాల్ బ్రోకా అనే సర్జన్ 1861లో పరీక్షించిన, మాట పోయిన రోగుల మెదళ్లు ఆ సేకరణలోనే చేరాయి. 2016లో పాత భవనం మూతపడ్డాక నమూనాలన్నీ పారిస్‌లోనే జ్యూస్యూ విశ్వవిద్యాలయ ప్రాంగణానికి మారాయి.