నీడలో చూసి ఎండలోకి పంపిన ఆప్

పొలం పనివాళ్ల ఆరోగ్యం కోసం ఏ ఆప్ గురించి అడిగినా "రేటింగ్ బాగుంది, పెట్టేయండి" అంటారు. ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. ఆ స్టార్లు ఇచ్చిన మనిషి ఎక్కడ కూర్చుని ఇచ్చారు? కలుపు తీస్తున్న ఆమె వంచిన నడుం ఎత్తి ఫోన్ చూసినప్పుడు ఆ ఆప్ పనికొచ్చిందా? స్టార్లను చూస్తే ఇది తెలియదు.

ఒక్క ఉదాహరణ పట్టుకుందాం. హీట్ ఇండెక్స్, అంటే వేడినీ తేమనీ కలిపి ఒంటికి ఎంత వేడి తెలుస్తుందో చెప్పే లెక్క.

[స్క్రీన్ మీద: 32 డిగ్రీలు, తేమ 70 శాతం → 41]

గాలి వేడి 32 డిగ్రీలే. కానీ గాలిలో తేమ 70 శాతం ఉంటే ఒంటికి తెలిసే వేడి దాదాపు 41. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. ఉక్కపోతలో చెమట ఆరదు, ఊరికే కారిపోతుంది. ఇంతవరకు చాలా ఆప్‌లు సరిగానే లెక్కగడతాయి.

మెలిక ఎక్కడుందంటే, ఆ 41 నీడలో నిలబడ్డ మనిషి లెక్క. కాస్త గాలి కూడా వీస్తున్నట్టు అనుకుని వేసిన లెక్క. నేరుగా ఎండ తగిలితే ఇంకో 8 డిగ్రీల దాకా పెరగొచ్చని అమెరికా వాతావరణ శాఖే చెబుతుంది. అంటే 49! ఫోన్‌లో 41 చూసి "ఈ సాలు అయ్యాక లేద్దాం" అనుకున్న ఆమె ఒంటి మీద 49 ఉండొచ్చు.

అందుకే నేను ఏ ఆప్ తెరిచినా ముందు అడిగేది ఇదే: నీ అంకె నీడదా, ఎండదా? ఎండనీ గాలినీ కూడా కలుపుకునే కొలత వేరే ఉంది, డబ్ల్యూబీజీటీ అంటారు. దానికి నల్లటి గోళంలో పెట్టిన థర్మామీటర్, తడిగుడ్డ చుట్టిన థర్మామీటర్ కావాలి. ఫోన్‌లో అవేవీ ఉండవు. ఆప్ చూపించే అంకె ఎక్కడో ఉన్న వాతావరణ కేంద్రం నుంచో, అంచనా లెక్క నుంచో వస్తుంది. సిగ్నల్ పోతే పొద్దున 8 గంటల అంకె మధ్యాహ్నం 2 దాకా అలాగే నిలిచిపోవచ్చు. ఎప్పటి అంకో టైం చూపించని ఆప్‌ని నేను నమ్మను.

ఇప్పుడు ఆప్ సంగతి వదిలి ఫోన్ దగ్గరికి రండి. దాన్ని కూడా మనం నీడలోనే పరీక్షిస్తున్నాం. ఐఫోన్‌ని 35 డిగ్రీల లోపు వాడమని తయారుచేసిన కంపెనీయే చెబుతుంది. అంతకు మించి వేడెక్కితే స్క్రీన్ మసకబారుతుంది, ఒక్కోసారి ఫోన్ పనిచేయడమే ఆపేస్తుంది. అంటే హెచ్చరిక బాగా అవసరమైన రోజే ఫోన్ చేతులెత్తేయొచ్చు! కాబట్టి మిట్టమధ్యాహ్నం, ఎండలో, గ్లవ్స్ వేసుకుని, వేళ్లకు చెమట పట్టాక నొక్కి చూడండి. బటన్ పడుతుందా? అక్షరాలు కనిపిస్తున్నాయా? చదవడం రాని మనిషికి మాటతో చెబుతుందా?

చెప్పే మాట కూడా చూడాలి. "తగినంత నీరు తాగండి" అంటే ఏం చెప్పినట్టు? 15–20 నిమిషాలకోసారి ఒక గ్లాసు, దాహం వేయకముందే, అని చెప్పాలి. కొత్తగా పనిలో చేరిన మనిషిని గుర్తుపట్టాలి. ఒళ్లు వేడికి అలవాటు పడేలోపు, ఆ మొదటి కొద్దిరోజుల్లోనే వడదెబ్బ ప్రమాదం ఎక్కువ. కొత్తవాళ్లకు మొదటి రోజు వేడిలో పని 20 శాతమే ఉండాలి, ఆ తర్వాత రోజుకి 20 శాతం చొప్పున పెంచాలి అని పనివాళ్ల ఆరోగ్యం, భద్రత చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ నియోష్ సలహా. "మీరు ఇక్కడ ఎన్నో రోజు?" అని అడిగే ఆప్ కనిపిస్తే నాకు నిజంగా సంతోషం.

ఆప్‌లకు మార్కులేసే పద్ధతి లేదా అంటే ఉంది. 2015లో వచ్చిన మార్స్ అనే కొలబద్దలో 23 ప్రశ్నలుంటాయి. వాడుక, రూపం, సమాచారం అన్నీ చూస్తుంది, మంచి పద్ధతే. కానీ ఆ 23 ప్రశ్నలకూ ఏసీ గదిలో కూర్చుని జవాబులు రాస్తే అవి మళ్లీ నీడలో వేసిన మార్కులే.

టైం అయిపోతోంది, మిగతావి గబగబా చెప్తాను. పురుగుమందు కొట్టాక చేలోకి మళ్లీ ఎప్పుడు దిగొచ్చో, పంట ఎప్పుడు కోయొచ్చో, ఈ రెండు గడువులూ వేరు. ఆప్ వాటిని కలిపేస్తే వెంటనే తీసేయండి. ఆపద బటన్‌ని సిగ్నల్ ఆపేసి నొక్కండి. మెసేజ్ వెళ్లలేదని చెబుతుందా, వెళ్లినట్టే నటిస్తుందా? ఆఖరిది లొకేషన్. అది ఎవరి చేతికి వెళ్తోందో చూడండి. ఎంతసేపు నీడలో కూర్చున్నారో మేస్త్రికి కనబడుతుందంటే, కలుపు తీసే ఆమె ఆ ఫోన్‌ని గట్టు మీదే వదిలేసి చేలోకి దిగుతుంది.