క్యాన్సర్ ఆలస్యంగా బయటపడితే: న్యాయ సలహా ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఈరోజు స్టూడియోలో వినియోగదారుల కేసులు చూసే న్యాయవాది మేడం ఉన్నారు. మొదటి కాల్ మిర్యాలగూడ నుంచి. చెప్పండి.

కాలర్: హలో... నమస్తే మేడం. వినబడుతుందా?

న్యాయవాది: వినబడుతోందండి. కాస్త రేడియో సౌండ్ తగ్గించండి.

కాలర్: ఆ, తగ్గించిన. మేడం, మా ఇంటామెకు నిరుడు సంక్రాంతప్పుడు రొమ్ముల గడ్డ తగిలింది. ఇక్కడనే ప్రైవేటు దవాఖానకు తీసుకపోయిన. డాక్టరు చేత్తోని చూసి కొవ్వు గడ్డ, భయం లేదన్నడు. గోలీలు రాసిండు. మళ్ల ఉగాదికి పోయినం, గదే మాట. బతుకమ్మ నాటికి చెయ్యి పైకి లేస్తలేదు. పూలు పేర్చనీకె గూడ కాలే. అప్పుడు మా బిడ్డొచ్చి హైదరాబాద్ తీసుకపోయింది. సూది పరీక్ష చేసి మూడో స్టేజీ అన్నరు. కీమోలు నడుస్తున్నయ్. అర ఎకరం అమ్మిన. ఆ డాక్టర్ను జైలుకు పంపాలె మేడం.

న్యాయవాది: ముందు ఆమె ఎలా ఉన్నారు? తింటున్నారా?

కాలర్: ఇడ్లీ ముక్క తింటది. అన్నం వాసన పడ్తలేదు.

న్యాయవాది: కేసు కోసం ఒక్క కీమో కూడా ఆపొద్దు, వాయిదా వేయొద్దు. జైలు సంగతి చెబుతా. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఒక గీత గీసింది. డాక్టర్ మీద క్రిమినల్ కేసు నిలబడాలంటే మామూలు పొరపాటు చాలదు, చాలా ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి. పోలీసులు కూడా ముందు వేరే డాక్టర్ అభిప్రాయం తీసుకోవాలి. మీకు పనికొచ్చే దారి వినియోగదారుల కమిషన్, అంటే వినియోగదారుల కోర్టు. చీటీలు ఉన్నాయా?

కాలర్: రెండున్నయ్. ఇంగ్లిషుల ఉన్నయ్ మేడం.

న్యాయవాది: మీ అమ్మాయిని చదవమనండి. గడ్డ ఉందని రాశాడా? మామోగ్రామ్ అంటే రొమ్ము ఎక్స్‌రే, స్కాన్, సూది పరీక్ష, వీటిలో ఏదైనా చేయించమని రాశాడా? గడ్డ ఉందని రాసి, ఏ పరీక్షా చెప్పకుండా పంపేస్తే అది మీకు బలం. పరీక్ష రాసిస్తే మీరు వెళ్లలేదని తేలితే కేసు నీరుగారిపోతుంది. దాచకుండా చెప్పండి.

కాలర్: ఏం చెప్పలేదు మేడం. చెప్తే పోకుంటమా? నేను... నేనే ఇంకో డాక్టర్ కాడికి తీసుకపోవాల్సి ఉండె.

న్యాయవాది: అయ్యా, ఆ మాట అనుకోకండి. డాక్టర్ భయం లేదంటే నమ్మడం మీ తప్పు కాదు. అందరం నమ్ముతాం.

కాలర్: (కొద్దిసేపు మౌనం) ఆ... మరి జైలుకు పంపలేమా?

న్యాయవాది: చెప్పాను కదండీ, అది కష్టం. మీకు డబ్బు కావాలి, ఆమెకు వైద్యం కావాలి. నల్గొండలో జిల్లా కమిషన్ ఉంది. మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, ఆ ఆసుపత్రికి కట్టిన డబ్బును బట్టి ఎక్కడ వేయాలో తేలుతుంది. 50 లక్షల దాకా జిల్లాలోనే. కట్టింది 5 లక్షల లోపైతే ఫీజు కూడా లేదు. మీరున్న చోటే వేయొచ్చు. గడువు 2 ఏళ్లు. క్యాన్సరని తెలిసిన రోజు నుంచి లెక్కని మనం అంటాం, మొదట చూపించిన రోజు నుంచని వాళ్లు అంటారు. అందుకే సంక్రాంతి నుంచే లెక్కపెట్టుకుని ఆలోపే వేసేయండి.

కాలర్: గా డాక్టర్ తప్పని ఎట్ల రుజువైతది?

న్యాయవాది: అసలు చిక్కు అక్కడే ఉంది. తప్పు చేశాడంటే చాలదు, ఆ ఆలస్యం వల్లే జబ్బు ముదిరిందని చూపాలి. ఇప్పుడు వైద్యం చేస్తున్న క్యాన్సర్ డాక్టర్‌ని అడగండి, సంక్రాంతికే తెలిస్తే వైద్యం ఎలా ఉండేదో రాసివ్వమని. హైదరాబాద్ నుంచే వెళ్లిన ఒక కేసులో మలేరియాకు టైఫాయిడ్ మందులిచ్చారు, ఆమె చనిపోయారు. తప్పు కంటికి కనబడుతున్నప్పుడు నిపుణుడి సాక్ష్యం ప్రతి కేసులోనూ తప్పనిసరి కాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ క్యాన్సర్ విషయంలో నిపుణుడి కాగితం లేకుండా వెళ్లొద్దు. ఒరిజినల్ ఎవ్వరికీ ఇవ్వొద్దు, వకీలుకు కూడా. జిరాక్సే.

కాలర్: వకీలు ఫీజు...

న్యాయవాది: ఆమె పేరు మీదే దరఖాస్తు పెట్టండి. ఆడవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. 15100కి ఫోన్ చేయండి.

యాంకర్: థాంక్యూ అండీ. తెనాలి నుంచి మరో కాల్.

కాలర్: నమస్కారమండీ. మా నాన్నగారిని ప్రభుత్వాసుపత్రిలో చూపించామండి. దగ్గుకి ఆర్నెల్లు టీబీ మందులే ఇచ్చారు. తర్వాత ఊపిరితిత్తుల క్యాన్సరని తేలింది. పోయారండి.

న్యాయవాది: అయ్యో. డబ్బేమైనా కట్టారా?

కాలర్: లేదండి, అక్కడ ఎవరి దగ్గరా తీసుకోరు.

న్యాయవాది: అందరికీ పూర్తిగా ఉచితమైతే వినియోగదారుల చట్టం కిందికి రాదు, 1995లోనే సుప్రీంకోర్టు తేల్చింది. సివిల్ దావా, లేదా ప్రభుత్వం మీద హైకోర్టులో వేసే రిట్ పిటిషన్ ఉన్నాయి. ముందు కేస్ షీట్ తెచ్చుకోండి. 10 రూపాయలు కట్టి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. కళ్లెలో టీబీ క్రిమి కనబడిందా లేదా, అది చూడండి. కనబడకుండానే ఆరు నెలలు మందులిస్తే...

యాంకర్: మేడం, లైన్లో చాలామంది ఉన్నారు.

న్యాయవాది: సరే. కాగితం ముందు, కోర్టు తర్వాత.

యాంకర్: వరంగల్.

కాలర్: మేడం, బయాప్సీల ఏం లేదన్నరు. ఆర్నెల్లకు వేరే ల్యాబుల క్యాన్సరని వచ్చింది. మొదటి ల్యాబు మీద...

న్యాయవాది: బయాప్సీకి తీసిన ఆ మొదటి ముక్క, మైనపు బ్లాకు, గాజు స్లైడ్లు ల్యాబ్‌లోనే ఉన్నాయా?

కాలర్: తెలువదు.

న్యాయవాది: రేపు పొద్దున్నే వెళ్లి రాతపూర్వకంగా అడగండి, అందినట్టు మీ కాపీ మీద సంతకం తీసుకోండి. అదే స్లైడును ఇంకో పెద్ద ఆసుపత్రి పాథాలజిస్ట్ చూసి అప్పుడే క్యాన్సర్ ఉందంటే, మీ కేసు నిలబడుతుంది. అది పోతే వాళ్ల మాటకు మీ మాట.

యాంకర్: కడప నుంచి ఒకరు... త్వరగా చెప్పండి.

కాలర్: మేడం, ఆసుపత్రోళ్లు రికార్డు మేం ఇయ్యం అంటాండారు.

న్యాయవాది: 2002 వైద్య నియమాల ప్రకారం రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇన్‌పేషెంట్ రికార్డు 3 ఏళ్లు ఉంచాలి. రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. ఇవ్వకపోతే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు. కౌన్సిల్ డాక్టర్ మీద చర్య తీసుకుంటుంది గానీ పరిహారం ఇప్పించదు, దానికి మళ్లీ కమిషనే. ఫోన్లో అడిగి ఊరుకోకండి. లేఖ, రసీదు.

యాంకర్: సమయం అయిపోయింది. మేడం, ధన్యవాదాలు.

న్యాయవాది: ఒక్క నిమిషం. మిర్యాలగూడ ఆయన ఇంకా వింటున్నారేమో. అయ్యా, ఆ రెండు చీటీలు ఈ రాత్రే ఫోన్‌తో ఫొటో తీసి మీ అమ్మాయికి పంపండి.