తాత డబుల్ బ్యారెల్ తుపాకీ: ఉంచుకోవాలా, అప్పజెప్పాలా?

నమస్కారమండీ. ఈసారి రివ్యూ మా తాత తుపాకీ మీద. 12 బోర్ డబుల్ బ్యారెల్. ముందే చెప్పేస్తున్నాను, అది ఇప్పుడు మా ఇంట్లో లేదు. స్క్రీన్ మీద మీరు చూసేవన్నీ డీలర్ షాపులో ఆయన అనుమతితో తీసిన ఫోటోలు. పేల్చి చూపించడం, గురి చూడటం లాంటివి ఈ వీడియోలో ఉండవు. పెద్దాయన పోయాక ఇంట్లో మిగిలిన తుపాకీని ఏం చేయాలి, మేము ఎక్కడ తప్పు చేశాం, చివరికి ఏ దారి పట్టాం, అదే చెప్తాను.

మాది నెల్లూరు జిల్లా, ఉదయగిరి పక్కన పల్లె. వెనకంతా వెలికొండలు. కొండ దిగి అడవిపందులు శనక్కాయ చేలో పడ్డాయంటే తెల్లారేసరికి మడకతో దున్నినట్టు ఉంటుంది. ఈ తుపాకీ తాతకి వాళ్ల నాయన దగ్గర్నుంచి వచ్చింది. నాకు తెలిసి అది అటక దిగేది రెండు పనులకే. ఒకటి, మంచె మీద కాపలా పడుకునే రాత్రుల్లో గాల్లోకి పేల్చి పందుల్ని తరమడానికి. రెండు, ఎలక్షన్లకి. ఎలక్షన్ కోడ్ వస్తే లైసెన్స్ ఉన్నవాళ్లని తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయమంటారు కదా. తాత దాన్ని పాత పంచెలో చుట్టుకుని పోయి ఇచ్చి, రసీదు మడిచి జేబులో పెట్టుకుని వచ్చేవాడు.

2023 కార్తీకంలో తాత పోయాడు. కర్మలు అయ్యాక పొలం పాసుపుస్తకాలు, బ్యాంకు ఖాతా, అవ్వ పెన్షన్, అన్నీ ఒక్కొక్కటే చూసుకున్నాం. తుపాకీ అటక మీద ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. "అదెక్కడికి పోతుందిలే" అనుకున్నాం. అక్కడే పొరపాటు పడ్డాం. లైసెన్స్ మనిషి పేరు మీద ఉంటుంది, ఆ మనిషితోనే అయిపోతుంది. పొలం లాగా, బంగారం లాగా తుపాకీ దానంతటది వారసుల చేతికి రాదు. కొడుకు ఇంట్లో ఉన్నా అది లైసెన్స్ లేని ఆయుధమే. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 21 ప్రకారం ఆలస్యం చేయకుండా దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌లో గానీ, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి. చేయకుండా ఉంచుకుంటే, 2019 సవరణ తర్వాత శిక్ష 2 ఏళ్ల నుంచి 5 ఏళ్ల దాకా. మాకిది తెలియదు. తెలియదంటే చట్టం ఊరుకోదు.

2024 మార్చిలో ఎలక్షన్ షెడ్యూల్ వచ్చింది. స్టేషన్ నుంచి తాత పేరు మీద ఫోన్. "పెద్దాయన పోయి నాలుగు నెలలైంది సార్" అన్నాడు మా నాయన. అవతల ఒక్క నిమిషం మాట లేదు. "మరి వెపన్ ఏది?" అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు, అంత టెన్షన్. మా అదృష్టం కొద్దీ ఆ ఆఫీసర్ మంచిగా చెప్పారు. "మీరెవరూ ముట్టుకోవద్దు, మా మనిషిని పంపిస్తాను" అన్నారు.

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా వినండి. మరుసటి రోజు ఒక కానిస్టేబుల్ వచ్చారు. అటక దించి, నులక మంచం మీద పెట్టి, పంచె విప్పారు. గొట్టాలు గోడ వైపు తిప్పి, పైనున్న లివర్ పక్కకి నెట్టారు. తుపాకీ నడుం దగ్గర విరిచినట్టు వంగింది. కుడి గొట్టం ఖాళీ. ఎడమ గొట్టంలో తూటా ఉంది. ఎర్ర కాగితపు ఒళ్లు చెమ్మకి ఉబ్బిపోయి, అడుగున ఇత్తడి పచ్చగా చిలుము పట్టి ఉంది. గోటితో లాగితే రాలేదు. ఆయన నెమ్మదిగా కదిలించి కదిలించి బయటికి తీశారు. తాత ఎప్పుడో పందుల కోసం పెట్టి మర్చిపోయినట్టున్నాడు.

ఆ అటక కిందే కదండీ నా కూతురు, మా అత్త మనవడు దాగుడుమూతలు ఆడేది! సంక్రాంతికి వాడు అటక ఎక్కి అరిసెల డబ్బా కూడా దించాడు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. మీ ఇంట్లో ఇలాంటిది ఉంటే, "ఎప్పటిదో, ఖాళీగానే ఉంటుంది" అనుకోకండి. దించకండి, తెరిచి చూడకండి. ముందు స్టేషన్‌కి ఫోన్ చేయండి.

సరే, డిపాజిట్ అయింది. రసీదు తీసుకున్నాం, నంబర్లు సరిచూసుకుని. డిపాజిట్ చేస్తే తుపాకీ పోయినట్టేమీ కాదు. గడువు లోపల వారసుల్లో ఒకరు లైసెన్స్ తెచ్చుకుంటే తిరిగి ఇస్తారు, అమ్ముకోవచ్చు కూడా. గడువు దాటితే జప్తు. అందుకే మనసులో ఏదో ఒకటి తేల్చుకోవాలి.

తేల్చుకునే ముందు అసలు వస్తువు ఏమిటో తెలియాలి కదా. పర్మిషన్ తెచ్చుకుని ఒక డీలర్ దగ్గర చూపించాం. ఈ ఫోటో చూడండి. గొట్టం మీద నీళ్లలో అలల్లాగా గీతలు కనిపిస్తున్నాయా? దీన్ని డమాస్కస్ బ్యారెల్ అంటారు. ఇనుము, ఉక్కు తీగల్ని కలిపి మెలితిప్పి, ఇరుసు చుట్టూ చుట్టి, కాల్చి అతికిస్తారు. చూడటానికి ఎంత అందమో! కానీ ఆ అతుకుల్లో ఎక్కడ తుప్పు పట్టిందో పైకి కనపడదు. గొట్టం అడుగున కిరీటం గుర్తులున్నాయి, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తుపాకులు పరీక్షించే కేంద్రానివి. పొగ రాని మందుతో చేసే నైట్రో పరీక్ష గుర్తు మాత్రం లేదు. అంటే దీన్ని పాతకాలపు నల్ల తుపాకీ మందుకే పరీక్షించారు. ఇప్పటి తూటాల్లో ఉండేది పొగ రాని మందు, దాని ఒత్తిడి వేరు.

ఇంకోటి. తూటా కూర్చునే గది రెండున్నర అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. ఇప్పుడు మామూలుగా దొరికే 12 బోర్ తూటా 70 మిల్లీమీటర్లది. లోపలికి చక్కగా దూరుతుంది, అదే మోసం. పేలినప్పుడు దాని మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది. 12 బోర్ అంటే ఏమిటని చాలామంది అడుగుతారు. గొట్టంలో సరిగ్గా పట్టే సీసపు గుండ్లు ఒక పౌనుకి 12 తూగుతాయి, అంతే. గొట్టం లోపలి వెడల్పు దాదాపు 18.5 మిల్లీమీటర్లు.

తుపాకీ కట్టె, అదే భుజానికి ఆనించే చెక్క భాగం, దాని గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఉదయగిరి చెక్క గరిటెలు మీకు తెలిసే ఉంటాయి. ఆ పని చేసే ఒక పెద్దాయనకి ఫోటో చూపిస్తే, చాలాసేపు దాని నార చూసి, "ఇది మన కొండ చెట్టు కాదు నాయనా, కానీ చెక్కినవాడి చెయ్యి మాత్రం మంచిది" అన్నారు. అది వాల్‌నట్ చెక్క అని డీలర్ చెప్పారు. తాత చెంప ఆనే చోట నున్నగా అరిగిపోయి నల్లగా మెరుస్తోంది.

ఇక దారుల విషయం. మా చిన్నాయన లైసెన్స్ తెచ్చుకుంటానన్నాడు. 2016 ఆయుధాల నియమాల్లో వారసులకు దారి ఉంది. మరణ ధ్రువపత్రం, మిగతా వారసుల అంగీకార పత్రాలు, దరఖాస్తు, ఆరోగ్య పరీక్ష, పోలీసు విచారణ, అన్నీ అయ్యాక కలెక్టర్ గారు నిర్ణయిస్తారు. ఇస్తే 5 ఏళ్లకి. మనిషికి రెండు తుపాకులకి మించి ఉండకూడదు, వారసత్వంగా వచ్చినా సరే. చిన్నాయన కారణం పందులు. అయితే లైసెన్స్ ఉన్నంత మాత్రాన పందిని కొట్టే హక్కు రాదు, 1972 వన్యప్రాణి చట్టం ఉంది, అటవీ శాఖ అనుమతి కావాలి. పైగా ఈ గొట్టాలతో తూటా పేలిస్తే ముందు ప్రమాదం పేల్చినవాడికే. మా అత్త అంగీకార పత్రం మీద సంతకం పెట్టనంది. "పొలంలో వాటా అడగలేదురా నేను. ఆ తూటా చూసినాక మాత్రం నా చెయ్యి రాదు" అంది. ఆమె మాట నాకు న్యాయంగానే తోచింది.

గోడకి తగిలించుకోవచ్చు కదా అని చాలామంది అంటారు. చట్టంలో మినహాయింపు ఉంది, కానీ పాతబడి లేదా పాడైపోయి, బాగు చేసినా చేయకపోయినా పేలే వీలు లేని వాటికి. మాది లివర్ నెడితే ఇవాళ్టికీ టక్కున మూసుకుంటోంది. ఊళ్లో వెల్డింగ్ షాపులో గొట్టం మూయించేస్తే సరిపోతుందని ఎవరైనా చెప్తే వినకండి. గొట్టం కోసి పొట్టి చేయడం అయితే విడిగా నేరమే. అమెరికాలో ఉన్న మా బావ తనకి పంపమన్నాడు. అది ఆలోచించే పనే లేదు. తుపాకీ ఎగుమతికి వేరే లైసెన్సు, 100 ఏళ్లు దాటిన వస్తువైతే 1972 పురావస్తువుల చట్టం కూడా అడ్డొస్తుంది.

అమ్మడం. డీలర్ కొంటానన్నారు. డబ్బు పెద్దగా ఏమీ రాదు, అయినా వస్తుంది. నేను ఒకటే అడిగాను, "కొన్నవాళ్లు దీన్ని పేలుస్తారా?" అని. "తీసుకెళ్లాక ఏం చేస్తారో నేనెట్టా చెప్పగలను" అన్నారాయన. ఆ రాత్రి నాయన, చిన్నాయన, అత్త కూర్చున్నారు. ఎవరింట్లోనో ఈ గొట్టం పగిలి ఎవరి కన్నో పోతే తాత పేరు మీద ఆ పాపం మనకొద్దంది అత్త. చిన్నాయన చాలాసేపు మాట్లాడలేదు. "సరే, ప్రభుత్వానికే ఇచ్చేద్దాం" అన్నాడు చివరికి.

ముగ్గురూ సంతకాలు పెట్టి సరెండర్ చేశారు. తుపాకీతో పాటు ఇంట్లో ఉన్న పాత తూటాలు, ఖాళీ డొప్పలు కూడా. ఖాళీవే కదా అని దాచుకోకండి, తూటా భాగాలు కూడా చట్టం లెక్కలోకి వస్తాయి.

అప్పజెప్పేటప్పుడు చిన్నాయన ఒక్కటి అడిగాడు, భుజానికి తగిలించుకునే తోలు పట్టీ ఉంచుకోవచ్చా అని. విప్పి ఇచ్చారు. తాత భుజం ఎముక ఒరుసుకున్న చోట అది వంపు తిరిగిపోయి ఉంది, ఎంత సాగదీసినా తిన్నగా రాదు. ఇంటికొచ్చి దానికి కొంచెం ఆముదం రాసి, తాత ఫోటో పక్కన మేకుకి తగిలించాడు.