కువైట్‌లో ఉత్తరాలు రాసిపెట్టినోడు రచయిత ఎట్లా అయ్యాడు

[తెర మీద: ఉదయగిరి కొండ, కింద ఊరు]

నమస్తే. పరాయి దేశంలో పనిచేస్తే రాసేవాడికి ఏమవుతుంది, ఇదీ ఇవాళ్టి సంగతి. ఒంటరితనంలో కవిత్వం పొంగుకొస్తుందని, ఎడారిలో చంద్రుణ్ణి చూస్తే కథలు పుడతాయని చాలామంది అనుకుంటారు. నేను కువైట్‌లో పదిహేడేళ్ళు ఉన్నా. చంద్రుణ్ణి చూసింది తెల్లారుజామున నాలుగున్నరకి కంపెనీ బస్సు కోసం నిలబడినప్పుడే, అప్పుడు కథ కాదు గదా, కళ్ళు తెరుచుకోవడమే కష్టం.

నెల్లూరు పేరులోనే నెల్లు ఉంది, అంటే వడ్లు. పెన్నా కాలవలు పారే తట్టు అది నిజమే. ఉదయగిరి, వింజమూరు, అటు అప్పటి ప్రకాశం జిల్లాలో పామూరు, కనిగిరి, ఇదంతా మెట్ట. వాన పడితే పంట, బోరులో నీళ్ళు పడితే అదృష్టం. పడని బోరుకి చేసిన అప్పు తీర్చడానికి మా వీధిలోంచే నలుగురు కువైట్ పోయారు, అందులో నేనొకణ్ణి. 1997లో అద్దె సుమోలో నాయుడుపేట, సూళ్ళూరుపేట మీదుగా మద్రాసు ఎయిర్‌పోర్టుకి. సూట్‌కేసులో మా అమ్మ ఉదయగిరి చెక్క గరిటె ఒకటి పెట్టింది, అక్కడ ఎవరు వండిపెడతారని.

[తెర మీద: పాత పాస్‌పోర్టు, పేరూ నంబరూ కనపడకుండా]

ఇక్కడ ఒక రూలు చెప్పాలి. పదో తరగతి పాసుకాని వాళ్ళు పనికోసం గల్ఫ్ పోవాలంటే ప్రభుత్వం దగ్గర ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి, 1983 చట్టం కింద. గల్ఫ్ ఆరుతో కలిపి ఇప్పుడు ఆ జాబితాలో 18 దేశాలు ఉన్నాయి. ఆ క్లియరెన్స్ కావాల్సిన వాళ్ళ పాస్‌పోర్టుని ఈసీఆర్ పాస్‌పోర్టు అంటారు. నేను ఇంటర్ చదివా కాబట్టి నాకు ఆ తిప్పలు లేవు. మా రూములో ఎనిమిది మందిమి, ఆరుగురు ఈసీఆర్. వాళ్ళలో నలుగురికి సంతకం వరకే వచ్చు. ఇంక చూసుకోండి, శుక్రవారం సెలవొస్తే నా మంచం ముందు క్యూ. చారల అంచు కవర్లు పట్టుకుని, "అబ్బయ్యా, ఒక్క ముక్క రాసిపెట్టు" అని.

నేను మొదట్లో ఎంత ఘోరంగా రాసేవాణ్ణో చెప్తా. "ఉభయకుశలోపరి" అని మొదలుపెట్టి, "నీ వియోగమున" అని మధ్యలో ఇరికించి, చదివి వినిపిస్తే వింజమూరు మేస్త్రి ఒకాయన, నేను మామా అని పిలిచేవాణ్ణి, నా మొహం వంక చూసి "ఇది ఎవురికి రాసినావు?" అన్నాడు. నీ భార్యకే మామా అంటే, "నేనెప్పుడూ ఆమెతో ఇట్టా మాట్టాడలేదే, దీన్ని చదివితే నాకేదో అయిందని ఏడుస్తాది" అన్నాడు. అప్పటికి నేను రెండు కథలు పత్రికకి పంపి ఉన్నా, రెండూ తిరిగొచ్చాయి. ఎందుకు తిరిగొచ్చాయో ఆ ఎడిటరు చెప్పలేదు, ఈయన చెప్పాడు.

ఆ కాగితం చించేసి, ఆయన ఎట్లా చెప్తే అట్లా రాయడం మొదలుపెట్టా. బర్రె ఈనిందా. పిల్లోడి కాలు ఎట్టుండాది. షావుకారికి వడ్డీ మాత్రం కట్టు, అసలు ఉగాదికి చూస్తాం. అంతవరకు బాగానే చెప్పి ఆగిపోయాడు. ఇంకా సగం పేజీ ఉంది. మూడు నెలలుగా జీతం లేదు, ఆ మాట రాయొద్దన్నాడు. నేను పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నా. ఆయన గోడకి ఆనుకుని, కాసేపటికి, "ఏం చెప్పేది అబ్బయ్యా" అన్నాడు. నేను అదీ రాసేశా, అబ్బయ్యాతో సహా.

మా నెల్లూరోళ్ళకి ఈ కథ తెలిసే ఉంటుంది. తిక్కన భారతం చెప్తుంటే కుమ్మరి గురునాథుడు రాస్తున్నాడట, ఎక్కడా ఆగకూడదని పందెం. ఒకచోట తిక్కనకే మాట తోచక "ఏమి సెప్పుదుం గురునాథా" అన్నాడట. అది పద్యంలో అతికినట్టు సరిపోయింది, ఎందుకంటే అక్కడ సంజయుడు ధృతరాష్ట్రుడితో మాట్లాడుతున్నాడు, కురునాథా అనేది సంధిలో గురునాథా అయిపోయింది. జరిగిందో లేదో మనకెందుకు. తోచకపోవడం కూడా రాయదగ్గ మాటేనని ఆ కథ ఎంత చక్కగా చెప్తుందో నాకు కువైట్‌లో మేమున్న ఫర్వానియాలో మంచం మీద కూర్చుంటే గానీ అర్థం కాలేదు.

ఇంకోటి. అక్కడి అరబ్బీలో "మాఫీ" అంటే లేదు అని. పని మాఫీ, నీళ్ళు మాఫీ, మన నోట్లో కూడా అదే నానుతుంది. ఒకసారి ఇంకొకాయన ఉత్తరంలో "ఈ నెల డబ్బులు మాఫీ" అని రాసి పంపా. ఇంటి దగ్గర వాళ్ళకి మాఫీ అంటే రుణమాఫీ గదా! అప్పు ఎవరో కొట్టేశారనుకుని ఆ ఇంటావిడ షావుకారు దగ్గరికే పోయి అడిగిందట. నవ్వొచ్చే మాటే, ఆయన మాత్రం నాతో వారం మాట్లాడలేదు. రెండున్నర గంటలు ముందు నడిచే ఊళ్ళో, మన గాలి సోకని మనిషి ఈ మాటని ఎట్లా చదువుతుంది అని అప్పటినుంచి ప్రతి వాక్యం దగ్గరా ఆగుతున్నా.

నా సొంత కథలు మెట్ల మీద రాశా. పదింటికి రూములో లైటు ఆపేయాలి, పొద్దున డ్యూటీ. మెట్ల దగ్గర లైటుకి టైమరు, స్విచ్ నొక్కితే రెండు నిమిషాలు, తర్వాత చీకటి. లేచి నొక్కడం, కూర్చుని రాయడం. నా వాక్యాలు పొట్టిగా ఉంటాయని, అదేదో శిల్పమని ఒకాయన మెచ్చుకున్నాడు. శిల్పం కాదు సార్, స్విచ్.

ఇది కువైట్ సంగతే. అమెరికా తెలుగువాళ్ళకి 1998 నుంచి ఈమాట పత్రిక ఉంది, హ్యూస్టన్‌లో వంగూరి ఫౌండేషన్ అనే సాహిత్య సంస్థ ఉంది. గల్ఫ్‌లో మనవాళ్ళకి రాసుకునే బల్ల కూడా అరుదు. మలయాళీలు ఈ పనిలో మనకంటే చాలా ముందున్నారు. బెన్యామిన్ బహ్రెయిన్‌లో ఉద్యోగం చేస్తూ, సౌదీలో మేకల మంద దగ్గర చిక్కుకుపోయి బయటపడ్డ ఒక మనిషి చెప్పింది విని, 2008లో ఆడుజీవితం, అంటే మేక బతుకు అనే నవల తెచ్చాడు. ఆయనా ముందు విన్నాడు, తర్వాతే రాశాడు. మనవాళ్ళు చెప్పడానికి సిద్ధంగానే ఉన్నారు, వినేవాళ్ళే లేరు, ఇది మాత్రం గట్టిగానే అంటా.

తర్వాత ఫోన్ కార్డులు వచ్చాయి, ఆనక ఐఎంఓ యాప్‌లో వీడియో కాల్స్. శుక్రవారం క్యూ పోయింది. నిజం చెప్పాలంటే నాకు కొంచెం కష్టంగానే అనిపించింది.

[తెర మీద: ఒక ట్రంకుపెట్టె, మూత వేసి]

ఈ వీడియో కోసం పోయిన నెల వింజమూరు వెళ్ళా. మేస్త్రి మామ పోయి రెండేళ్ళయింది. అత్త ట్రంకుపెట్టె తీసి, చీరల అడుగున ఉన్న కట్ట బయటపెట్టింది. పైనే ఉంది ఆ ఉత్తరం, నా చేతిరాతే, మడతల దగ్గర చిరిగింది. ఆ "ఏం చెప్పేది అబ్బయ్యా" దగ్గర వేలు పెట్టి, "ఈడ ఆయన గొంతు వినపడతాది" అంది. ఆ అబ్బయ్యా నేనే అత్తా అని చెప్పా. తెలుసులే అంది. ఒక్క ఫొటో తీసుకుంటా, వీడియోలో చూపిస్తా అన్నా. కట్టకి దారం చుట్టేసి పెట్టెలో పెట్టేసింది.

"మా ఆయన రాసింది. నీకెందుకు ఇచ్చేది?"

అందుకే పెట్టె ఒక్కటే చూపిస్తున్నా.