ఖాళీ బుట్ట కూడా చూపించండి

అందరికీ నమస్కారమండి.

చేపల వీడియోల్లో నవ్వు గురించి మాట్లాడమని మన గ్రంథాలయం కుర్రాళ్ళు అడిగారు. నలభై ఏళ్ళుగా గాలం వేస్తున్నవాణ్ణి కాబట్టి కాలవ గట్టు మీదే మొదలుపెడతాను.

మా బాబాయి గాలం వేస్తుంటే చూడ్డానికి ఎప్పుడూ నలుగురైదుగురు నిలబడేవారు. ఒకరోజు పొద్దున్నే బెండు రెండుసార్లు మునిగి తేలింది. మూడోసారి మునగ్గానే ఆయన కర్రని బలంగా లాగాడు. గాలం నీళ్ళలోంచి లేచి, నెత్తి మీదుగా వెళ్ళి, వెనకున్న తుమ్మచెట్టు కొమ్మకి తగులుకుంది. ఎంత గుంజినా రాదు. సైకిలు ఆపి చూస్తున్న ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా అడిగాడు: “ఏవండీ, ఎన్ని కేజీలుంటుందంటారు?”

గట్టంతా ఘొల్లుమంది. బాబాయి కూడా కర్ర పక్కన పడేసి నవ్వాడు. ఆ తర్వాత పెద్దాయనే పక్కింట్లో దోటి అడిగి తెచ్చి, కొమ్మ వంచి గాలం తీసిచ్చి వెళ్ళాడు. ఆ దోటిని కాస్త గుర్తుపెట్టుకోండి. మనవాళ్ళ వెటకారం అంటే నాకు ముందు అదే గుర్తొస్తుంది.

ఇప్పుడు ఫ్లై ఫిషింగ్, అంటే ఈగ గాలంతో చేపలు పట్టే పద్ధతి సంగతి. మనం గాలానికి ఎర్రని, అంటే వానపాముని గుచ్చుతాం, పైన బెండు, కింద చిన్న సీసం ముక్క. ఆ పద్ధతిలో ఎర ఉండదు. కొక్కేనికి దారంతో ఈకలు, బొచ్చు చుట్టి ఈగలాంటి పురుగునొకదాన్ని కడతారు. దానికి బరువే లేదు, విసిరితే పోదు. అందుకని బరువుని తాడులో పెట్టారు. పూత పూసిన లావుపాటి తాడది. కర్రని వెనక్కి ఊపి ఒక్క క్షణం ఆగి ముందుకు ఊపితే, తాడు గాల్లో మెలిక విప్పుకుంటూ సాగి, చివరనున్న ఈగని నీళ్ళ మీద మెల్లిగా దింపుతుంది. ఆ ఒక్క క్షణం ఆగడమే విద్యంతా. ఆగకపోతే తాడు మెడకి చుట్టుకుంటుంది, టోపీ ఎగిరిపోతుంది, కొక్కెం చొక్కా వీపుకి దిగుతుంది. వెనక చెట్టుంటే మా బాబాయి కథే.

ఇది కొత్త వేషం కాదండి. సుమారు 1800 ఏళ్ళ కిందట ఏలియన్ అనే రోమన్ రచయిత, మాసిడోనియా జనం కొక్కేనికి ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు గడ్డం కింద పెరిగే ఈకలు రెండు కట్టి చేపలు పట్టేవారని రాశాడు. ఇప్పటికీ నీళ్ళ మీద తేలే ఈగకి పుంజు మెడ ఈకే ప్రాణం. బిరుసుగా ఉండి ఈగని మునగనివ్వదు. ఈ సంగతి చదివిన రోజు నుంచి మా మేనల్లుడికి నిద్రపట్టలేదు. మా పక్కింటాయన సంక్రాంతికి పెంచుతున్న డేగ పుంజొకటి ఉంది. దానికి బాదంపప్పు పెడతారు, గుడ్డు పెడతారు, పొద్దున్నే ఈత కొట్టిస్తారు. దాని మెడ ఈక అడగడమంటే ఆస్తిలో వాటా అడగడమే! వీడు వారం రోజులు ఆ గూటి చుట్టూ తిరిగి, రాలిన ఈకలు ఏరుకుని, బల్ల అంచుకి కొక్కెం బిగించి, వాళ్ళమ్మ కుట్టుదారంతో తొలి ఈగని కట్టాడు. ఆ వారాన్నంతా ఫోనులో తీశాడు. ఒక్క చేపా లేని ఆ వీడియో వాడు తీసినవాటన్నిటిలో నాకు ఇష్టమైనది. ఈకని చుట్టేటప్పుడు వాడి నాలుక పెదవి మూలకి వచ్చేస్తుంది. ఆఖరి ముడి దగ్గర దారం తెగుతుంది. మళ్ళీ మొదలుపెడతాడు. గూటి దగ్గర ఆ పుంజు వీణ్ణి చూసిన చూపుకి మా ఇంట్లో పిల్లలు పొట్ట పట్టుకుని నవ్వారు.

అమెరికాలో ఈ ఫ్లై ఫిషింగ్ మీద నవ్వించే వీడియోలు చాలా ఉన్నాయి. ఐడహో రాష్ట్రానికి చెందిన ట్రావిస్ స్వార్ట్జ్ అనే నటుడు హ్యాంక్ ప్యాటర్సన్ అనే పాత్ర కట్టాడు. ఈ హ్యాంక్, జనాన్ని నదికి తీసుకెళ్ళి చేపలు పట్టించే గైడుల్లో తనంతవాడు లేడని నమ్మే మనిషి. తెలియని సంగతిని కూడా బల్లగుద్ది చెబుతాడు. ఆ నదుల దగ్గర అలాంటి పెద్దమనిషి ప్రతి ఒక్కరికీ ఎక్కడో తగిలి ఉంటాడు కాబట్టే అంతగా నవ్వుకున్నారు.

నాకు మరీ నచ్చింది ‘గాలి ముడి’. విసిరినప్పుడు తాడు చివర సన్నటి దారంలో ముడి పడుతుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరు అదే. నిజానికి ఆ ముళ్ళలో చాలామటుకు గాలికి సంబంధం లేదు. చెయ్యి తప్పుగా ఊపడం వల్ల మెలిక కిందికి దిగి తాడు మీద తాడు పడుతుంది. అయినా పేరు గాలి మీదకే పోయింది. మన రేవుల్లో ‘ఇవాళ తూర్పుగాలి, చేప పడదు’ అన్న మాట విన్నవాళ్ళకి వేరే వివరించక్కర్లేదు.

ఇంకొకటి అరటిపండు. పడవలో అరటిపండుంటే చేప పడదని అక్కడి గైడుల్లో చాలామందికి నమ్మకం. ఎవరైనా తెస్తే పడవ దగ్గరే పారేయిస్తారు. మన రావులపాలెం గెలల సంత చూపిస్తే వాళ్ళేమవుతారో! మన లంకల్లో గెలలు పడవల మీదే ఏరు దాటతాయి, అదే ఏట్లో వలలూ నిండుతాయి. మన పట్టింపు వేరు. గాలం భుజాన వేసుకుని వెళ్ళేవాణ్ణి ‘ఎక్కడికి?’ అని అడిగామా, ఆ రోజు ఖాళీ బుట్టకి మనమే జవాబుదారీ.

ఇప్పుడు నేను చెప్పదలుచుకున్న అసలు మాటకి వస్తాను.

ఫ్లై ఫిషింగులో చాలామంది పట్టిన చేపని తిరిగి నీళ్ళలో వదిలేస్తారు. ఇంటికి తెచ్చేది కథ, ఫోటో అంతే. అందుకని ఫోటోలో చేపని రెండు చేతుల్తో కెమెరా వైపు చాచి పట్టుకుంటారు. జానెడు చేప మూరెడు కనిపిస్తుంది. ఆ చాచిన చేతుల్ని వెక్కిరిస్తూ వాళ్ళే ఎన్నో వీడియోలు చేసుకున్నారు. సాక్ష్యం లేనిచోట అబద్ధం పెరుగుతుంది కదండీ, దాన్ని నవ్వుతో కోసుకుంటున్నారు. మన దగ్గర ఇన్నాళ్ళూ ఆ అవసరం రాలేదు. సాయంత్రానికి కత్తిపీట ముందు కూర్చునే మనిషే సాక్ష్యం. ‘ఇంత కొరమీను’ అని చేతులు చాచినా, దాకలో ఎన్ని ముక్కలు పడ్డాయో ఇంటిల్లిపాదికీ తెలుసు.

ఫోను వచ్చాక దాక పక్కకి పోయింది. పోయిన ఏడాది ఒక వీడియో కోసం నన్నూ పిలిచారు. మూడు గంటలు కూర్చున్నాం, బెండు కదల్లేదు. అప్పుడు ఒక కుర్రాడు మార్కెట్టుకి వెళ్ళి బొచ్చె చేపని కొనుక్కొచ్చి, గాలానికి తగిలించి, నీళ్ళలో ముంచి లాగాడు. కెమెరా ముందు కేకలు, చప్పట్లు. ఆ చేప కళ్ళు అప్పటికే తెల్లబడ్డాయి. నేను లేచి వచ్చేశాను. వాళ్ళ మీద కోపం లేదు, చేప పడకపోతే ఎవరూ చూడరన్న భయం వాళ్ళది. కానీ ఆ మూడు గంటల్లో ఎంత జరిగిందో! కొంగ ఒకటి మా ఎదురుగా దిగి రెండు చిన్న చేపల్ని ముక్కున కరుచుకుపోయింది. గేదె వచ్చి నీళ్ళలో కూర్చుంది. ఎర్రల డబ్బా తన్నేసి, వాటిని ఏరడానికి ముగ్గురం మోకాళ్ళ మీద పాకాం. నవ్వంతా అక్కడుంది, దాన్నే కోసి పారేశారు.

నాకు బాధ కలిగించే వీడియోలు ఇంకో రకం ఉన్నాయి. లంకల్లో పడవ వేసే మనిషి చేత మాట్లాడించి, ఆయన యాసకి వింత చప్పుళ్ళు కలిపి జనాన్ని నవ్విస్తారు. ఎర్రనీరు రాగానే సముద్రంలోంచి ఏటికి ఎదురెక్కి వచ్చే పులస కోసం రాత్రంతా వల మీద కూర్చున్నవాడాయన. చేప వేలల్లో పలికిందని మర్నాడు వార్త వస్తుంది. ఆ వీడియోలో ఆయన మాత్రం నవ్వులాటకి మిగులుతాడు. ఇది వెటకారం కాదు. వెటకారం చేసినవాడు దోటి తెచ్చివ్వాలి. ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణ గారూ, నరసాపురంలో పుట్టిన బాపు గారూ, జంధ్యాల గారూ ఈ నీళ్ళ పక్కవాళ్ళే. వాళ్ళు నవ్వించిన నవ్వులో మనిషి మీద ప్రేమ ఎంతుందో ఇక్కడున్నవాళ్ళకి నేను చెప్పాలా?

చేపకీ కాస్త మర్యాద కావాలి. గట్టు మీద ఎగిరెగిరి పడుతున్న చేపకి పాట తగిలించి పెట్టడం నాకు నచ్చదు. వదిలేసే చేపైతే చెయ్యి తడిపి పట్టుకోండి. పొడి చెయ్యి తగిలితే దాని ఒంటి మీది జిగురు పోతుంది. నీళ్ళలో ఉండగానే కొక్కెం తీసి వదలండి.

మన దగ్గర తీయడానికి సరుకు లేదనుకోకండి. పండుగప్ప ఉంది కదా, ఆస్ట్రేలియా వాళ్ళ బారముండి అదే. అక్కడ ఉత్తరాన మడ చెట్ల పాయల్లో ఈగ గాలంతో దానికోసం రోజులు రోజులు తిరుగుతారు. అది నీళ్ళ పైకొచ్చి ఎరని మింగేటప్పుడు వచ్చే చప్పుడుకి ‘బూఫ్’ అని ముద్దుపేరు కూడా పెట్టుకున్నారు. అదే చేప మన కోరింగ మడ అడవుల పాయల్లో ఉంది. చాలామటుకు మగగా పెరిగి, కొన్నేళ్ళకి ఆడగా మారే చేప అది. ఇంత వింత మన వాకిట్లో పెట్టుకుని, కొన్న బొచ్చెని ముంచి లాగడమెందుకండీ?

మా మేనల్లుడు తన ఈగతో కాలవలో ఇప్పటికి పదకొండు పొద్దులు గడిపాడు. ఒక్క చేపా పడలేదు. పదకొండూ ఉన్నవి ఉన్నట్టు పెట్టాడు. ఏడో రోజున ఆ పుంజుని పెంచే మా పక్కింటాయన తానే వచ్చి, “ఈక మంచిదేరా, విసురుడే బాగోలేదు” అని, మంచి మెడ ఈకలు నాలుగు కాగితంలో చుట్టి వాడి జేబులో పెట్టాడు. అది కూడా వీడియోలో ఉంది.

రేపు ఉదయం అయిదున్నరకి లాకుల దగ్గర పన్నెండో రోజు. రావాలనుకున్నవాళ్ళు రండి. దారిలో కనబడితే ఎక్కడికని మాత్రం అడక్కండి.